బొమ్మే ఆది జాకెట్టు

పిస్కాటవే, ఏప్రిల్ 3

ప్రియమైన జోసఫిన్ ఆంటీకి,
వందనాలు. ఫోన్‌లో చెబితే కుట్టనని, అన్నీ కాగితం మీద రాసి పంపమని మీరన్నారుగా, అందుకే ఈ ఉత్తరం. జూన్‌లో నా పెళ్ళి. శాటిన్ గుడ్డతో పాటు ఒక బొమ్మ పెడుతున్నాను. డెబ్బై ఏళ్ళ కిందట ఒక ఫ్రెంచి డిజైనర్ గీసిన గౌను బొమ్మకి కాపీ. మ్యూజియంలో చూసినప్పట్నించీ మనసంతా దీనిమీదే ఉంది. అచ్చం ఇలాగే కుట్టండి.
మీ ప్రేమజ్యోతి
తా.క.: అమ్మకి చెప్పకండి. తను కట్టుకున్న తెల్ల పట్టుచీరే నేనూ కట్టుకోవాలని పంతం పట్టింది. మీ ఇద్దరిదీ ఒకే చర్చి, అదే నా భయం.

ట్రాయ్, ఏప్రిల్ 12

బంగారుతల్లి ప్రేమజ్యోతికి,
గుడ్డ అందింది. ఆది జాకెట్టు కోసం పెట్టెంతా దులిపాను, లేదు. ముప్పై ఏళ్ళుగా కుడుతున్నాను, కొలతకి పాత జాకెట్టు పెట్టకుండా గుడ్డ పంపినదానివి నువ్వొక్కదానివే. సరే, అచ్చం ఇలాగే అన్నావు కదా, బొమ్మే ఆది అనుకుని స్కేలు పెట్టి కొలిచాను. నీ ఎత్తుకి లెక్కగడితే నడుము పదహారు అంగుళాలు వచ్చింది. మెడ పొడుగు తొమ్మిది. ఇంత చిక్కిపోయావేమ్మా? ఆఫీస్‌లో అన్నం తిననివ్వడం లేదా? నాకు కళ్ళనీళ్ళొచ్చాయి.
నీ జోసఫిన్ ఆంటీ
తా.క.: అమ్మకి చెప్పలేదు. స్త్రీల కూడికలో నీ ఆరోగ్యం కోసం ప్రార్థన మాత్రం పెట్టించాను.

పిస్కాటవే, ఏప్రిల్ 18

ఆంటీకి వందనాలు, కత్తెర పక్కన పెట్టి చదవండి!
అలాంటి మనిషి ఎక్కడా లేదాంటీ. ఆ డిజైనర్లు అలాగే సాగదీసి గీస్తారు. నా నడుము ముప్పై నాలుగు. మూడు పూటలా తింటున్నాను. ఆదికి నా కుర్తా పంపుతున్నాను. ఆ గుడ్డ మళ్ళీ దొరకదు. అది పాడైతే నాకు చీరే గతి.
కంగారులో, ప్రేమజ్యోతి
తా.క.: మీ కూడిక నుంచి పదకొండుమంది ఆంటీలు ఫోన్ చేశారు. మీ చర్చి షాలేం రాజు గారింట్లోంచి సున్నుండల పార్సిల్ వచ్చింది. అమ్మ మాత్రం ఫోన్ ఎత్తడం లేదు.

ట్రాయ్, ఏప్రిల్ 27

నామీద కోపంగా ఉన్న ప్రేమజ్యోతికి,
నీ ఉత్తరం వచ్చేసరికే పదహారు అంగుళాలకి కత్తిరించేశాను తల్లీ, క్షమించు. చిన్న ముక్కలు తప్ప గుడ్డ మిగల్లేదు. తల పట్టుకుని కూర్చున్నాను. అంతలో మీ అమ్మ వచ్చింది. నువ్వు చిక్కిపోయావని విని, తన పెళ్ళి జాకెట్టు నీకు సరిపోయేలా బిగించమని చీరతో సహా తెచ్చింది. నీ గొంతు వింటే ఏడుపొస్తుందని ఫోన్ ఎత్తలేదట. బల్ల మీద బొమ్మ కనపడింది. నా పని అయిపోయిందనుకున్నాను. తను మాత్రం దాన్ని చాలాసేపు చూసి, "నా పెళ్ళికి నాకూ గౌనే వేసుకోవాలనుండేది జోసఫిన్, మా అమ్మ ఒప్పుకోలేదు" అంది. నేను వద్దంటున్నా తనే కత్తెర తీసుకుని చీర కోసింది. ఆ పట్టు గౌనుకి రెండు పక్కలా అతికాను. నడుము సరిగ్గా ముప్పై నాలుగు. బొమ్మలో దానికన్నా నాకిదే నచ్చింది.
నీ పెళ్ళికి ముందు వరసలో కూర్చోబోయే జోసఫిన్ ఆంటీ
తా.క.: ముప్పయ్యో పెళ్ళిరోజుకి మీ అమ్మ తనకీ గౌను కుట్టమని గుడ్డ తెచ్చింది. ఆది జాకెట్టు ఇవ్వమంటే బొమ్మ చూపించి, అవే కొలతలు వెయ్యమంటోంది.