అడ్డుబిళ్ళ లేని పొడుగు పుల్ల

గాలం పుల్లలు వంచి బతికేవాణ్ణి, అందరూ పుల్లల తాత అని పిలిచే మనిషిని, నేను డెబ్బై ఆరో ఏట నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. మతి సరిగ్గానే ఉంది. ఎడమ చెవి పనిచేయదు గానీ రాయడానికి చెవితో పని లేదు. నన్నెవరూ బలవంతపెట్టలేదు. సంతకాల విషయంలో ఈ మాట నిజంగా అనగలగడం నాకు ఇదే మొదలు. ఇంతకుముందు వేరే వీలునామా ఏదీ రాయలేదు. చదివింది ఐదో తరగతి. తప్పులుంటే సర్దుకొని చదవండి. అర్థం మాత్రం మార్చకండి.

1. నా స్వార్జితమైన రెండు గదుల ఇల్లు, వెనకున్న రేకుల షెడ్డు, అందులోని పని బల్ల, ఇనుము కదలకుండా పట్టి ఉంచేందుకు బల్లకు బిగించిన వైసు, పొట్టి పుల్లల అచ్చు, గోడకు తగిలించిన పనిముట్లన్నీ నా తదనంతరం నా ఒక్కగానొక్క కూతురికి సర్వహక్కులతో చెందాలి. అల్లుడుగారి పేరు ఇందులో కలపడం లేదు. షెడ్డు కిటికీ గడియ కింద నుంచి ఎత్తి పట్టుకుంటేనే పడుతుంది. అమ్మాయికి ఆ సంగతి తెలుసు. అల్లుడుగారు పదకొండేళ్ళుగా ఆ షెడ్డులోంచి సరుకు తీసుకెళ్తున్నారు గానీ, ఆ కిటికీ ఒక్కనాడూ వేసిన పాపాన పోలేదు.

2. నా తమ్ముడికి పెద్ద ఆకురాయి. అది వాడి దగ్గరే ఉంది. రెండు రోజుల్లో తెస్తానని పట్టుకెళ్ళి పంతొమ్మిదేళ్ళయింది. ఇక అది వాడిదే. నన్ను చూసి సందు మారే శ్రమ వాడికి తప్పించాను. కడసారి చూపుకైనా తిన్నగా రావచ్చు.

3. పుల్ల అంటే ఏమిటో చదివేవాళ్ళకు తెలియకపోవచ్చు. మా చెరువులో గాలం వేసేవాళ్ళు పట్టిన చేపను మళ్ళీ నీళ్ళలో వదలాలి. అది అక్కడి నియమం. గాలానికి ఎదురుముల్లు ఉంటుంది. పట్టి లాగితే దవడ చీరుకుపోతుంది. నా పుల్ల ఒక ఉక్కు తీగ. ఒక చివర చెక్క పిడి, రెండో చివర పంది తోకలాంటి మెలిక. మెలికలో దారం పట్టి, గాలం వంపు దాకా జార్చి, కిందికి నొక్కి తిప్పితే గాలం గుచ్చుకున్న దారినే వెనక్కి వస్తుంది. మెలికకు నాలుగు వేళ్ళ దూరంలో ఒక అడ్డుబిళ్ళ ఉంటుంది. బిళ్ళ చేప పెదవికి తగిలిందా, అక్కడితో ఆగాలి. గాలం అంతకంటే లోపల ఉంటే దాన్ని కెలకకూడదు. దారం తెంపి చేపను వదిలేయాలి. గాలం లోపలే ఉన్నా చేప బతికే అవకాశం ఎక్కువ.

ఎనిమిదేళ్ళ కిందట అల్లుడుగారు వచ్చి, "మామయ్యా, జనం గాలం వదులుకోవడానికి ఇష్టపడట్లేదు. ఆ బిళ్ళ తీసేసి జానెడు పొడుగు చేసివ్వండి. కడుపులో ఉన్నా వచ్చేస్తుంది" అన్నారు. వస్తుంది. దాంతోపాటు మొప్పలు కూడా వస్తాయి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. బయటికి మాత్రం "మీ ఇష్టం" అని వచ్చింది. నాకు మొహమాటం ముంచుకొస్తే ఆ రెండు మాటలే వస్తాయి. పెళ్ళిచూపుల్లో ఒకసారి అన్నాను, అది ఒక్కటే కలిసొచ్చింది.

తర్వాత ఒక కాగితం తెచ్చారు, పాకెట్ల మీద నా ఫోటో వేసుకోవడానికి. సంతకం పెట్టాను. "ఇక మీరున్నన్నాళ్ళూ పొడుగువి వంచడం ఆపడానికి లేదు మామయ్యా, సంతకం అయిపోయింది" అన్నారు. ఆ ఫోటోలో నేను నవ్వుతున్నానని అందరూ అంటారు. నవ్వడం కాదు, కళ్ళల్లో ఎండ పడింది. దాని కింద "తాత చేతి పుల్ల, చేపకు నొప్పి లేదు" అని అచ్చు వేయించారు. ఆ మాట నేను అనలేదు. ఏ చేపా అనలేదు.

పొడుగు పుల్లలు వంచే ఇనప అచ్చు బల్ల మీద ఉంది. దాని మీద ఇకపై ఒక్క పుల్ల కూడా వంచకూడదన్న షరతుతో దాన్ని నా కూతురికి రాస్తున్నాను.

4. చెరువు కాపలా ఆవిడకు పన్నెండు పొట్టి పుల్లలు, దారం తెంపే చిన్న కత్తెర, నా గొడుగు. వానలో ఆవిడ గోనెసంచి తల మీద వేసుకొని గట్టు చుట్టూ తిరుగుతుంది. ఎవరూ చెప్పకపోయినా పొద్దున్నే చచ్చి తేలిన చేపలు బుట్టలోకి ఏరుతుంది. పోయిన నెల ఒకనాడు ఆ బుట్ట తెచ్చి నా గుమ్మంలో పెట్టింది. పదిహేడు చేపలు. ఒకదాని గొంతులో పొడుగు పుల్ల ఇంకా దిగబడే ఉంది. బయటికి రాక వదిలేసి పోయారు కాబోలు.

"నొప్పి లేదని రాయించావు కదా తాతా. ఎవరికి లేదు?" అంది.

నేను బుట్ట అందుకున్నాను.

"మాట్లాడవేం? అట్ట మీద అయితే పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నావుగా."

చేపల్ని పెరట్లో గొయ్యి తీసి పూడ్చి, బుట్ట కడిగి ఇచ్చాను. అంతకంటే ఏం చేయాలో తోచలేదు. అమ్మా, ఆ రోజు నువ్వన్నదాంట్లో ఒక్క ముక్క ఎక్కువ లేదు.

5. అల్లుడుగారికి ఒక పొట్టి పుల్ల. అల్లుడుగారూ, మీ మీద నాకు చెప్పలేనంత కోపంగా ఉంది. ఎదురుగా అనలేక ఇక్కడ రాస్తున్నాను. సంచుల కొద్దీ పుల్లలు అమ్మారు. ఒక్క చేపనైనా చేత్తో పట్టుకున్నారా? జిగురంటుతుందని చెయ్యి జేబులో పెట్టుకొని నిలబడతారు. ఈ పుల్ల తీసుకొని చెరువుకు వెళ్ళండి. ఒక్క చేప నోట్లోంచి మీ చేత్తో గాలం తీయండి. బిళ్ళ దగ్గర ఆగినప్పుడు చేప మీ చేతిలో ఎలా కొట్టుకుంటుందో తెలుస్తుంది. అది తెలియనంతకాలం అట్ట మీద ఏమైనా రాయించవచ్చు.

6. రేకు డబ్బాలో నల్లదారం చుట్టిన పాత పుల్ల ఉంది. అది అమ్మాయికి. అమ్మా, అది నేను చేసిన మొదటి పుల్ల. దానికి బిళ్ళ లేదు. దాంతో ఒక చేప గొంతు నేనే చీరేశాను. మీ అమ్మ పక్కనే ఉంది. తిట్టలేదు. పుల్ల నా చేతిలోంచి తీసుకొని, నాలుగు వేళ్ళు కొలిచి, కుట్టుపెట్టెలోని దారం చుట్టి ముడేసింది. "ఇక్కడిదాకానే" అంది. బిళ్ళ అతకడం నా పని, ఎక్కడ అతకాలో చెప్పింది మీ అమ్మ. ఆమె పేరు ఏ పాకెట్టు మీదా లేదు.

నువ్వు పొడుగు పుల్లల పాకెట్లు అంటిస్తూ, "నాన్నా, నీకిది ఇష్టమేనా?" అని ఒకసారి అడిగావు. టీ చల్లారిపోయిందన్నాను. నువ్వడిగినదానికి జవాబు ఇప్పుడు రాస్తున్నాను. ఇష్టం లేదమ్మా.

7. మూడో అంశంలో షరతు రాశాక, అల్లుడుగారి కాగితంలోని మాటలు కూడా ఇందులో ఎక్కిస్తే బలంగా ఉంటుందనిపించింది. పెట్టెలోంచి తీశాను. సంతకం పెట్టిన రోజు దాన్ని చదవలేదు. మనిషి ఎదురుగా కూర్చొని ఉండగా చదివితే అనుమానించినట్టు ఉంటుందని ఊరుకున్నాను. ఇవాళ కళ్ళజోడు పెట్టుకొని రెండుసార్లు చదివాను. అందులో ఉన్నది ఇంతే: నా బల్ల మీద నా చేత్తో వంచిన పుల్లల పాకెట్ల మీద మాత్రం, నేను జీవించి ఉన్నంతకాలం, నా ఫోటో వేసుకోవచ్చు. నేను వంచి తీరాలని ఎక్కడా లేదు. పొడుగు పుల్ల ఊసే లేదు.

ఎనిమిదేళ్ళు నన్నెవరూ కట్టేయలేదు. అల్లుడుగారు అబద్ధం చెప్పారు, నేను చదవకుండా నమ్మాను. ఆ పదిహేడు గొంతుల్లోకి దిగిన ప్రతి మెలికా నా బొటనవేలు తిప్పిందే. ఆయన మీద కోపం తగ్గలేదు. తగ్గించుకునే ఉద్దేశమూ లేదు. కానీ అందులో సగం నా వాటా. దాన్ని ఎవరికీ రాయలేను.

8. కాబట్టి మూడో అంశం చివర పొడుగు అచ్చును అమ్మాయికి రాసిన వాక్యం ఇందుమూలంగా రద్దు. షరతు పెట్టి ఇస్తే పిల్ల పాటిస్తుంది, దానికోసం రోజూ ఇంట్లో మాటలు పడుతుంది. కూతురికి మొగుడితో పోట్లాట రాసిచ్చిపోవడం ఆస్తి పంచడం కాదు. అచ్చును ఇవాళ మధ్యాహ్నం వైసులో బిగించి రంపంతో రెండు ముక్కలు కోశాను. గంటన్నర పట్టింది. రెండు బ్లేడ్లు విరిగాయి. ఇక ఆ వస్తువు నా ఆస్తిలో లేదు.

9. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత నా కూతురిది. అయితే దీన్ని తెరవడానికి నేను పోయేదాకా ఆగనక్కర్లేదు. రేపు పొద్దున అల్లుడుగారు సరుకుకు వస్తారు. పొడుగువి లేవు, ఇక ఉండవు అని నా నోటితో నేనే చెప్తాను. నోరు పెగలకపోతే ఈ కాగితం ఆయన చేతిలో పెట్టి, చివరిదాకా చదివేవరకు గుమ్మంలోంచి లేవను.

అక్టోబరు ఇరవై ఆరు, ఆదివారం, సాయంత్రం నాలుగున్నర.

సంతకం: పుల్లల తాత

సాక్షులు:

ఎదురింటి దర్జీ
పిడులు చేసే వడ్రంగి

ఆయన ఈ కాగితం మీద సంతకం పెట్టడం మేమిద్దరం చూశాం. అంతకుముందు అచ్చు కోయడమూ చూశాం. కోతకు సాక్షులు అవసరం లేదు తాతా అని చెప్పినా వినలేదు. రేపటికి మనసు మారితే మీరు గుర్తుచేయాలి అన్నాడు. అందుకని రేపు పొద్దున మేమూ గుమ్మంలో ఉంటాం.