సెరువా చేతిసంచి

కుమాసీ, మార్చి 4

ప్రియమైన అఫ్రాకోమా అక్కకు,

మేం క్షేమం. డైనమోలు చుట్టే పని నేర్చుకుంటానని నా షెడ్డుకి ఒక పిల్ల వచ్చింది, పేరు సెరువా. ఆనవాయితీ తప్పకుండా గురువుకిచ్చే సారా సీసాతో, మేనమామను వెంటబెట్టుకుని వచ్చింది. ఆరో తరగతితో బడి మానేశానంది. కానీ అక్కా, కాల్చిన అరటికాయ చుట్టిచ్చిన కాగితాన్ని కూడా చదివి గానీ పారేయదు. కారు డైనమోకి తీగ ఎన్ని చుట్లు పడుతుందో నేను చెప్పేలోపే పెదాలు కదుపుతూ లెక్క కట్టేస్తుంది. నాకు మనసు కుదురుగా లేదు.

నీ తమ్ముడు క్వాకు

టాకొరాడి, మార్చి 15

నా బంగారు తమ్ముడికి,

పోయినేడు మా చేపల బజారుకీ ఇలాంటి నంగనాచి ఒకతె వచ్చింది. "నీ బల్ల ఎన్నేళ్ళ నుంచి ఉందమ్మా?" అని తేనె పూసినట్టు అడిగింది. అది మునిసిపాలిటీ పంపిన మనిషట, నెల తిరక్కుండా బల్లలన్నీ పీకించారు. చదువుకున్నవాళ్ళు మసి పూసుకోవడానికి ఊరికే వస్తారట్రా? దాని సంచి వెతుకు.

నీ మేలు కోరే అక్క

కుమాసీ, మార్చి 29

అక్కా,

నువ్వన్నదే నిజం. సెరువా నీళ్ళకి వెళ్ళినప్పుడు సంచి తీశాను. ముద్ర వేసిన కాగితం ఒకటి, బొమ్మలు గీసిన నోటుపుస్తకం ఒకటి ఉన్నాయి. పక్క షెడ్డువాడితో చదివిస్తే, ఆ కాగితం ఎలక్ట్రికల్ డిప్లొమా అట! అందరి ముందూ నిలదీశాను.

"నిన్నెవరు పంపారే?"

"ఎవరూ పంపలేదు మాస్టర్. ఆఫీసులకి వెళితే చేతిపని వచ్చా అన్నారు. షెడ్లకి వెళితే, పుస్తకాల పిల్లవి, ఉద్యోగం దొరగ్గానే పోతావన్నారు. నాలుగు చోట్ల గుమ్మంలోనే పంపేశారు. అందుకే దాచాను."

నమ్మలేదు. దొంగ అని తరిమేశాను. పుస్తకం నా దగ్గరే ఉంది.

క్వాకు

టాకొరాడి, ఏప్రిల్ 8

నాయనా,

పీడ వదిలింది. ఆ పుస్తకం పొయ్యిలో పెట్టు.

అక్క

కుమాసీ, మే 2

ప్రియమైన అక్కకు,

తగలబెడదామని తెరిస్తే లోపల నా చేతులున్నాయి. తీగ పట్టుకున్న నా వేళ్ళు, బొటనవేలి మీద మచ్చతో సహా! మన ఉత్తరాలు రాసిపెట్టే బజారు రాతగాడితో చదివించుకున్నాను. ఏ బండికి ఎన్ని చుట్లు, ఏ తీగ కాలుతుంది, ఏది నిలుస్తుంది, నా నోటి నుంచి వచ్చిన ప్రతి మాటా రాసి పెట్టింది. ముప్ఫై ఏళ్ళ పని అక్కా, నాతోనే మట్టిలో కలిసిపోతుందనుకున్నాను. మధ్యలో ఒకచోట "మాస్టర్ లెక్క తప్పు, చెయ్యి ఒప్పు" అని కూడా ఉంది. నవ్వొచ్చింది, ఆ వెంటనే సిగ్గేసింది.

వాళ్ళింటికి వెళ్ళాను. సెరువా నన్ను గడప దాటనివ్వలేదు.

"పదిమందిలో దొంగన్నారు. పదిమందిలోనే పిలవండి."

మర్నాడు షెడ్లవాళ్ళందర్నీ కూడగట్టి, తప్పు నాదని చెప్పి పిలిచాను. వచ్చింది. ఇప్పుడు పొద్దున చేతిపని నేను చెబుతున్నాను, మధ్యాహ్నం లెక్క తను చెబుతోంది. బజారు రాతగాడిని కూడా మాన్పించాను. ఈ ఉత్తరం రాస్తున్నది సెరువానే. నీ పాత ఉత్తరాలు కూడా తనే చదివి వినిపించింది, ఒక్క మాట మింగకుండా.

ఇకమీదట నువ్వు రాసేది ముందు చదివేది తనే. కాస్త చూసుకుని రాయి.

నీ తమ్ముడు క్వాకు