రెండు గంటల ముందే తీసిన కోక్

మంగళవారం, హనుమకొండ

ఈ రోజు ల్యాబ్‌లో బొగ్గును మగ్గబెట్టి తీసిన మా కోక్ ఇనుప పలక మీద పడగానే పొడి పొడి అయింది. కాక ఏం చేస్తుంది? గాలి చొరని ఫర్నేస్‌లో బొగ్గు ఇంకా రెండు గంటలు మగ్గాల్సింది. కాజీపేటలో రైలుందని మా గైడ్ సార్ ముందే తీయించారు.

“జర ఆగుండ్రి సార్, ఇంకా పొగ వస్తాంది,” అన్నాడు అటెండర్ యాదగిరన్న. పొగ ఆగితేనే కోక్ అయినట్టని అతనికి తెలుసు. సార్‌కు తెలియదా?

రిపోర్టులో మాత్రం తప్పంతా బొగ్గు రకానిదేనని నాతో రాయించారు. నిరుడు అదే బొగ్గును పూర్తిగా మగ్గనిచ్చి, రాయిలాంటి కోక్ తీసింది నేనే. అయినా సంతకం పెట్టాను. నా థీసిస్ ఇంకా ఆయన చేతిలోనే ఉంది మరి...

తాళం వేస్తూ యాదగిరన్న అడిగాడు. “ఏం రాసినవ్ చెల్లె?”

“ఉన్నదే రాసిన అన్నా,” అన్నాను.