వెలుగు తగిలిన రీలు

పెనుకొండ,
ఫిబ్రవరి 1998.

ప్రియ కుమారుడు క్రాంతి కుమార్‌కు,

నిన్ను కనిపెట్టుకుని ఉన్న దేవుని కృప నీ మీద నిలుచును గాక. ఇక్కడ నేను బాగున్నాను. మీ అమ్మకు పంటి నొప్పి తగ్గలేదు. పొగాకు నమలొద్దని ఎన్నేండ్లు చెప్పినా వినలేదు, ఇప్పుడు గంజి తప్ప మింగలేకపోతోంది. చెంపకు కొంగు అడ్డం పెట్టుకునే తిరుగుతోంది. మొన్న ప్రార్థన కూటంలో పాట ఎత్తుకోమంటే తల అడ్డంగా ఊపింది. నూనె రాసి ప్రార్థన చేస్తున్నాను.

అసలు సంగతికి వస్తాను. నేను హిందూపురం వచ్చినప్పుడే లోపలికి పోయిన నీ బుగ్గలు చూశాను. హాస్టల్లో పూటపూటకూ అన్నం మానేసి ఆ మిగిలిన దుడ్లతో కెమెరాకు రీళ్లు కొంటున్నావు. పైగా నరసప్ప ఫోటో స్టూడియో వెనక గదిలోకి నన్ను సంబరంగా తీసుకుపోయావు. ఎర్ర బల్బు, పుల్లటి వాసన, తొట్టెల్లో మందునీళ్లు. తెల్ల కాగితాన్ని ముంచితే దాని మీద ఎవరో ముసలామె ముఖం మెల్లగా పైకి తేలింది. "చూడు నాయనా, ఇంతసేపూ ఈ యమ్మ చీకట్లో మనకోసరమే కాసుకోనుండాది" అన్నావు. నీ కళ్లలో ఆ మెరుపు ప్రార్థనలో నేనెన్నడూ చూడలేదు. ఏన్దోరు మంత్రగత్తె చచ్చిన సమూయేలును పైకి రప్పించిన రాత్రి జ్ఞాపకం వచ్చింది. పైన ఆకాశంలో గాని కింద భూమి మీద గాని ఉన్న దేని రూపాన్నీ చేసుకోవద్దని ఆజ్ఞ ఉందని, మా పెండ్లికి వచ్చిన ఫోటో అతన్నే నేను గుమ్మం దాటనివ్వలేదే! నా ఇంట్లోనే ఇది పుట్టిందా?

నిన్న మీ అమ్మ ట్రంకుపెట్టె అడుగున, పాత రవికగుడ్డలో చుట్టిన నల్ల డబ్బీ దొరికింది. ఆకాను దొంగసొత్తును గుడారంలో దాచిపెట్టినట్టు! లోపల నీ రీలు.

"ఏమే ఇది? వాడు ఎవతె బొమ్మలు తీసి నీ దగ్గర దాచినాడు?" అన్నాను.

మీ అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నీకు దండం పెడతా. ఎండకు మాత్రం చూపియ్యాకయ్యా" అంది.

అప్పుడే నాకు తెలిసిపోయింది. వెలుగుకు భయపడేది పాపం కాక ఇంకేమిటి? ఈ రోజు ఆరాధన కాగానే సంఘమందరినీ బయటికి పిలిచి, మిట్టమధ్యాహ్నం ఎండలో ఆ రీలును కొసదాకా లాగేశాను. "ఏమయ్యగారూ, పాము కుబుసం మాదిరుండాదే!" అంది హనుమమ్మ. ఎంత వెతికినా ఒక్క బొమ్మ లేదు. ఉత్త బూడిద రంగు. చూడండి, చీకటి పనులకు వెలుగులో మిగిలేది ఇంతే అని దాన్ని చేతిలో పట్టుకుని అక్కడికక్కడే ప్రసంగించాను. అందరూ పోయాక మీ అమ్మ దాన్ని మట్టిలోంచి ఏరుకుని, దుమ్ము తుడిచి, చుట్టి లోపలికి తీసుకుపోయింది. ఎందుకో అడగలేదు.

మోషే బంగారు దూడను పొడి చేసినట్టు ఆ కెమెరాను రాతితో పగలగొట్టు. ముక్కలు తెచ్చి నాకు చూపు. అంతదాకా ఈ గడప తొక్కవద్దు.

నీ ఆత్మ కొరకు పోరాడుతున్న నీ నాయన,
ఆశీర్వాదం.

*

పెనుకొండ.

క్రాంతీ,

జవాబు లేదు. నీ మౌనం పశ్చాత్తాపమా, తిరుగుబాటా? మీ అమ్మ అద్దం తిప్పి గోడకు పెట్టింది. గంజి కూడా మానేసింది. పౌలు మామ ధర్మవరం నుంచి వస్తున్నాడని కబురు.

నాయన.

*

పెనుకొండ.

నా కన్న క్రాంతికి,

ఈ ఉత్తరం పౌలు మామ చేతికే ఇచ్చి పంపుతున్నాను. చదివేదాకా అతను నీ ముందే నిలబడతాడు.

అతను ఇంట్లో కాలు పెడుతూనే, "బావా, అక్క ఇస్తానన్న రీలు యాడ? ధర్మవరంలో కడిగిస్తా. హిందూపురంలో అయితే మీ సంఘమోళ్లు చూస్తారని భయపడ్తాండాది" అన్నాడు.

"దాంట్లో ఏముండాదప్పా అంత భయపడేకి?"

"నీకు తెల్దా? అక్క మొగమబ్బా! కుడి దవడ తీసేయాలన్నారు డాక్టర్లు. నీకు చెప్పొద్దని నాతో ఒట్టేయించుకొనె."

ఆమె తమ్ముడింటికని నాకు చెప్పి పోయింది ధర్మవరం ఆసుపత్రికంట. అది పంటి నొప్పి కాదంట. నేను నూనె రాస్తూనే ఉన్నాను.

ఎండలో లాగేశానని చెప్తే పౌలు నన్ను తిట్టలేదు. "వెలుతురు తగిల్తే చచ్చిపోతాది గదా బావా అది" అని మాత్రం అన్నాడు.

మీ అమ్మ పడుకున్నచోటి నుంచే మాట్లాడింది. "ఆపరేషనైనాక నా మొగం నాకే గుర్తుండదు. వానికి పెండ్లయితే, మీ అత్త ఇట్లుండె అని చూపిచ్చేకి ఒకటుండల్ల అనుకొంటి. అదేమన్నా విగ్రహమా?"

బదులు చెప్పడానికి ఒక వాక్యం కోసం బైబిలు తిరగేశాను. చివరికి దొరికింది. తల్లి గర్భంలో, ఎవరికీ కనబడని చోట దేవుడు మనల్ని నేశాడని దావీదు పాడాడు. అదీ చీకటే. ఇన్నేండ్లు చీకటంటే సాతానే అని అరిచాను. ఒక ముఖం బతకడానికి ఆయన కాస్త చీకటి ఇస్తే, దాన్ని నా చేతులతో చీల్చాను.

ఇక్కడి స్టూడియో అతన్ని పిలుచుకొచ్చాను. ఆమె గోడవైపు తిరిగింది. "ఈ మొగం నా కొడుక్కు తప్ప ఎవురికీ చూపియ్యను" అంది. కుడిచెంప బాగా వాచింది. ఎడమపక్క ఇంకా అట్లాగే ఉంది. ఆ పక్కనుంచి తీస్తే ఏమీ తెలియదని ఆ రీలు తీసినప్పుడు నువ్వే చెప్పావంట.

రేపు తెల్లవారే బెంగళూరు బండి ఎక్కుతున్నాం. ఎల్లుండి ఆపరేషను. ఆమె లేచి వస్తుందో లేదో కూడా డాక్టర్లు చెప్పడం లేదు. నువ్వు హిందూపురం స్టేషన్లో ఉండు.

పుట్టిన మగబిడ్డలను చంపమని ఐగుప్తు రాజు ఫరో ఆజ్ఞ ఇస్తే మంత్రసానులు వినలేదు. దేవుడు వాళ్లకు మేలే చేశాడు. ఎన్నిసార్లు చదివాను ఆ భాగం! ఫరో నేనే అవుతానని ఎన్నడూ తోచలేదు. తండ్రి మాట జవదాటవద్దని నీకు బెత్తంతో నేర్పినవాణ్ణి, ఇప్పుడు మోకాళ్ల మీద ఉండి అడుగుతున్నాను: ప్రభువా, కెమెరా పగలగొట్టమన్న ఈ ఒక్క మాట నా కొడుకు విని ఉండకూడదు.

బండి ప్లాట్‌ఫారం మీదికి వచ్చేటప్పటికి మీ అమ్మ కొంగు తీసేసి, ఎడమ చెంప కిటికీవైపు పెట్టి కూర్చుంటుంది. నీ మెడలో ఏమైనా వేలాడుతోందా అని నేను తలుపు దగ్గర నిలబడి చూస్తుంటాను.

నీ నాయన,
ఆశీర్వాదం.