కెమెరా లేని షూటింగుకు పోయిన చంటిని వెనక్కి రప్పించుట గురించి

విదేశాలలో చిక్కుకున్న మనవాళ్ళ సంగతులు చూచు అధికారి గారి సముఖమునకు,

ఫిల్మ్ నగర్ బస్తీ నివాసి జంగయ్య, నడివయస్సు, తొమ్మిదో తరగతి తప్పినవాడు, 2024 జూన్ నెలలో వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: రష్యా వారు ఉక్రెయిన్ మీద చేయుచున్న యుద్ధంలో, తెలియక రష్యా వైపు కందకంలో చేరిన చంటి అను వెంకటేశ్వరరావును, పాశ్చాత్య దేశాల గుండ్లు మీద పడకముందే రప్పించుట గురించి.

ముందుగా ఒక ప్రకటన. ఇందుమూలముగా సమస్త జనులకు తెలియపరచునది ఏమనగా, ఫిల్మ్ నగర్ బస్తీలో వెంకటనర్సయ్య చాయ్ బండి వద్ద, అల్లం ముందు వేయవలెనా, పాలు పొంగిన పిమ్మట వేయవలెనా అను అంశంపై చిరకాలంగా సాగుచున్న వాదోపవాదములు నేటి నుండి నిరవధికంగా వాయిదా వేయడమైనది. చాయ్‌లో ముంచిన బిస్కెట్టు విరిగి పడిపోయినచో బాధ్యుడు ముంచినవాడా, బండివాడా అను వ్యాజ్యము కూడా కొట్టివేయడమైనది. సదరు సభకు శాశ్వత అధ్యక్షుడనైన నాకు నోరు పెగలకపోవుటయే ఇందుకు కారణము.

అయ్యా, తమరు కోపగించుకోవద్దు. ఇటువంటివి వ్రాయడం నాకు చేతికి పట్టిన అలవాటు. అది వ్రాస్తే గాని అసలు సంగతికి రాలేకపోయాను. జూబ్లీ హిల్స్‌లో ఒక రోడ్డు మొదట్లో "కుక్కలను షికారు త్రిప్పువారు వాటి ఆధార్ కార్డు వెంట ఉంచుకొనవలెను" అని బోర్డు కట్టినది నేనే. పెద్ద పెద్ద దొరలు కుక్కల ఫోటోలు తీయించుకుని వచ్చారు. ఆ పేరు గుర్తుపట్టి ఈ కాగితం కూడా పక్కన పడేస్తారేమోనని నా భయం. ఇది ఆ బోర్డు కాదు.

1. అర్జీదారు వృత్తి డబ్బింగు. హీరోలకు కాదు, గుంపులకు. తెర మీద సంతలో కేకలు, పెళ్ళిలో గుసగుసలు, యుద్ధంలో పడిపోయేవాళ్ళ మూలుగులు మావంటివాళ్ళం నలుగురం మైకు చుట్టూ నిలబడి పోస్తాము. ఏ గొంతయినా రెండు మార్లు వింటే నాకు పట్టుబడుతుంది. పై చంటి జూనియర్ ఆర్టిస్టు. నా పక్క పోర్షన్‌లో తల్లితో కిరాయికి ఉండేవాడు. తల్లి జగదాంబ గారు షూటింగులకు భోజనాలు పంపే మెస్సులో వంట చేస్తారు. గోదావరి వైపు వాళ్ళు. చంటి పనితనమంతా పడిపోవడంలోనే ఉన్నది. బాంబు పేలిందంటే అందరికన్నా ముందు ఎగిరి, అందరికన్నా చక్కగా పడి, మళ్ళీ చెప్పేదాకా కనురెప్ప కూడా కదపడు.

2. మా లోకంలో ఒక పద్ధతి గలదు. జూనియర్ ఆర్టిస్టు కథ అడగరాదు. ఫోను వస్తుంది, ఫలానా చోట బస్సెక్కమంటారు, ఎక్కుతాము. ఖాకీ ఇస్తే పోలీసులము, పంచె ఇస్తే ఊరివాళ్ళము. ఏ పిక్చరు, ఎవరి మీద ఎవరి యుద్ధం, మనం మంచిపక్కా చెడ్డపక్కా అని అడిగినవాడికి ఇక ఫోను రాదు. సంతకం పెట్టమన్న చోట పెడతాము. తమవంటి చదువరులకు ఇది తెలివితక్కువగా తోచవచ్చును. మాకు ఇది ఉద్యోగము.

3. కిందటి కార్తీకమాసంలో పృథ్వీరాజ్ అను ఏజెంటు తయారయ్యాడు. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేరు కంపెనీలు ఉండే అద్దాల బిల్డింగులో ఆఫీసు తెరిచాడు. మెడలో కార్డులు వేలాడేసుకున్న పిల్లలు లిఫ్టుల్లో ఎక్కి దిగే చోట మోసం కూడా ఒక అంతస్తు అద్దెకు తీసుకుంటుందని మాకు తోచలేదు. చంటికి తోడుగా నేనూ పోయాను.

"ఫారిన్ వార్ పిక్చర్. రష్యాలో షెడ్యూలు. డ్రెస్సు, తిండి, రూము అన్నీ వాళ్ళవే" అన్నాడు పృథ్వీరాజ్.

చంటి అడిగింది ఒక్కటే. "సార్, చచ్చే వేషమా, బతికే వేషమా?"

"నీకెందుకయ్యా అది?"

"చచ్చే వేషమైతే మొదటి రోజే అయిపోద్ది సార్. తర్వాత ఖాళీగా కూర్చోబెడతారు."

పృథ్వీరాజ్ నవ్వి "బతికే వేషమేలే, పెట్టు సంతకం" అన్నాడు. కాగితం మీద భాష మా ఇద్దరిలో ఎవరికీ రాదు. చంటి పెట్టాడు. అంతకుముందు ఏదో బ్యాంకాక్ పాటకని తీయించి, ఆ పాట ఆగిపోగా ట్రంకుపెట్టెలో మూలుగుతున్న పాస్‌పోర్టు అట్లా పనికివచ్చి, చంటి విమానమెక్కాడు.

4. ఫిబ్రవరిలో చంటి నుండి ఫోను వచ్చింది. ఎవరిదో ఫోను అన్నాడు.

"అన్నా, ఇక్కడ కెమెరా ఎక్కడా లేదన్నా."

"దూరం పెట్టి తీస్తుండొచ్చు తమ్మీ. పెద్ద పిక్చర్ గదా."

"డైరెక్టరు లేడు. కట్ అనేవాడు లేడు. నిన్న నా పక్కన పడినోడు ఇంకా లేవలేదన్నా."

అయ్యా, అతడు నా విద్య నా మీదే చూపిస్తున్నాడనుకున్నాను. "మంచిగనే చేస్తున్నవ్ గని, వణుకు జర తగ్గియ్యి, ఎక్కువైతుంది" అన్నాను. అప్పుడు చప్పుడు వచ్చింది. మా డబ్బింగు థియేటర్లో బాంబు మోతకు తోక ఉంటుంది, గుయ్యిమని సాగుతుంది. దీనికి తోక లేదు. ఫోను గొంతు పిసికినట్టు ఆగి, మళ్ళీ అతడి ఊపిరి వినిపించింది. అప్పుడు నాకు నిజమని తెలిసింది. రష్యా వైపు సరిహద్దు ఊరి దగ్గర కందకాలు తవ్విస్తున్నారని, చేతికి అసలు తుపాకి ఇచ్చారని, ఎటు కాల్చమంటున్నారో తనకు అర్థం కావడం లేదని చెప్పాడు. "ఇంట్లో మాత్రం షూటింగనే చెప్పన్నా" అన్నాడు. లైను పోయింది.

మర్నాడు అద్దాల బిల్డింగుకు పోతే పృథ్వీరాజ్ గదిలో వేరే కంపెనీవాళ్ళు కేకు కోసుకుంటున్నారు. నాకూ ఒక ముక్క ఇచ్చారు. పోలీసు స్టేషన్‌కు పోతే కానిస్టేబులు నన్ను చూసి "ఏంది జంగన్నా, ఈసారి పిల్లులకు ఆధారా?" అన్నాడు. ఏడ్చాను. అది కూడా మంచిగ చేసిండన్నారు.

5. ఇక పాశ్చాత్య దేశాల సంగతి. ఈ యుద్ధంలో ఇల్లు ఉక్రెయిన్ వారిది, జొరబడినవారు రష్యా వారు. ఇందులో నాకు అప్పుడూ ఇప్పుడూ సందేహం లేదు. వెంకటనర్సయ్య బండి దగ్గర టీవీ చూస్తూ అందరికన్నా గట్టిగా కేకలేసినవాణ్ణి నేనే. "కట్టె ఇస్తమంటరు, ఇచ్చెటందుకు నెలలు కూసుంటరు. ఇచ్చినంక గడప దాటి కొట్టొద్దంటరు. అవతల నిలబడి వాడు రాళ్ళేస్తుంటే వీళ్ళేం జేయాలె, దండం పెట్టాలెనా?" అని అమెరికా, జర్మనీ, ఇంగ్లండు మూడింటినీ చాయ్ చల్లారేదాకా కడిగిపారేసేవాణ్ణి.

ఫిబ్రవరి తరువాత నా నోరు పడిపోయింది. అమెరికా సభలో ఆయుధసాయం ఆగిపోయి ఉన్నన్నాళ్ళు, ఇంకొన్నాళ్ళు ఆగితే బాగుండునని లోలోపల కోరుకున్నాను. అప్పుడే టీవీలో ఉక్రెయిన్ ఊరి ఒకావిడను చూపించారు. కూలిన ఇంటి ముందు నిలబడి ఉంది. చేతిలో ఒక గిన్నె, అందులో ఏమీ లేదు. జగదాంబ గారు గిన్నె పట్టుకున్నట్టే, అంచు కింద రెండు వేళ్ళు పెట్టి పట్టుకుంది. నేను కోరుకున్నది ఆవిడ ఇంటి మీద గుండు పడాలనే కదా అనిపించి, ఆ చాయ్ అట్లాగే వదిలి లేచి వచ్చాను.

6. మే నెల చివరన ఆ దేశాలవారు, తాము ఇచ్చిన ఆయుధాలతో సరిహద్దు దాటి రష్యా వైపు కొంతమేర కొట్టవచ్చునని ఉక్రెయిన్ వారికి అనుమతి ఇచ్చారు. టీవీలో వార్త రాగానే వెంకటనర్సయ్య గ్లాసు నా ముందు పెట్టాడు. ఫిబ్రవరి సంగతి అతడికి తెలియదు.

"జంగన్నా, నువ్వన్నదే అయ్యింది. పర్మిషన్ ఇచ్చిండ్రు. ఇయ్యాల చాయ్ నాది."

ఆ పక్కనే జగదాంబ గారు మెస్సు ఆటో కోసం నిలబడి ఉన్నారు. "ఎవరికి బాబూ, ఏం పర్మిషను?" అన్నారు.

"షూటింగ్‌కు పిన్నీ" అన్నాను.

"మావాడి షూటింగుకేనా?"

"ఆఁ, గదే."

"అయితే తొందరగా కానిచ్చేస్తార్లే" అని ఆటో ఎక్కారు. అక్కడే అరుగు మీద చతికిలబడ్డాను. ఏ గడప దాటి కొట్టనియ్యమని నేను కేకలేశానో, చంటి ఆ గడప అవతలే ఉన్నాడు. అప్పటి నుండి పైన విమానం పోయినా, పక్క సెట్టులో కర్ర పడినా మెడ లోపలికి పోతున్నది.

7. అతడు జీవించి ఉన్నాడనుటకు ఆధారంగా, ఈ నెల మొదట్లో అతడు పంపిన వాయిస్ మెసేజి పెన్‌డ్రైవులో జతపరచడమైనది. అందులో "జంగన్నా, నన్ను కందకం నుంచి తీసి వెనకాల వంటశాలలో వేశారు. బంగాళదుంపలు చెక్కుతున్నాను. ఇక్కడ చప్పుళ్ళు లేవు. అమ్మా, నేను బాగానే ఉన్నానే" అని స్పష్టంగా వినవచ్చును.

కావున తమరిని వేడుకొనునది:

పాశ్చాత్య దేశాలవారిని ఆయుధాలు ఇవ్వడం మానమని చెప్పమనను. ఆ గిన్నె పట్టుకున్నావిడ ఎదురుగా నిలబడి ఆ మాట అనే ముఖం నాకు లేదు. వాళ్ళు ఇచ్చుకోనీ, వీళ్ళు కొట్టుకోనీ. ఈలోపల మన పిల్లవాణ్ణి మాత్రం అక్కడి నుండి తీసేయవలెను. రష్యా వారితో తమకు మాటలున్నవి గనుక, ఇతడు సైనికుడు కాడు, వేషానికి వచ్చినవాడని చెప్పి విడిపించవలెను. ఉక్రెయిన్ వారితో కూడా మాటలున్నవి గనుక, ఇటువంటివాడు చేతులెత్తి వస్తే కాల్చక పట్టుకొమ్మని మనవి చేయవలెను. పట్టుబడినా మాకు సంతోషమే. జైలుకు పైకప్పు ఉంటుంది.

గుర్తులు: ఎడమ కనుబొమ్మ మీద గాటు, అద్దం పగలగొట్టే సీనులోది. నవ్వితే పై పన్ను ఒకటి పక్కకు కనిపిస్తుంది. మరొకటి ముఖ్యం. బాంబు పేలగానే ముందు పడేది అతడే, పడితే కదలడు. అక్కడివాళ్ళు చచ్చినవాళ్ళలో వేసి వదిలేసి పోతారేమో. దయచేసి దగ్గరకు పోయి "కట్" అని గట్టిగా కేక వేయించవలెను. ప్రాణముంటే లేస్తాడు.

జాగు చేయక చిత్తగించవలెను. పుట్టి బుద్ధెరిగి ఎవరికీ విధేయుడుగా ఉన్నవాణ్ణి కాను. ఈ కాగితం మేరకు, చంటి ఇక్కడ విమానం దిగేవరకు, తమ విధేయుడు,

జంగయ్య
(వేలిముద్ర కాదు, సంతకమే.)

మరొక్క మాట. ఏడో అంశం అబద్ధము.

మధురానగర్‌లో ఈ అర్జీ టైపు చేసిన మనోజ అనే అమ్మాయి "అంకుల్, మనిషి బతికున్నట్టు ఏదన్న ఆధారం పెడ్తే బాగుంటది" అన్నది. ఫిబ్రవరి తరువాత అతడి నుండి ఫోను లేదు, మెసేజి లేదు, ఏమీ లేదు. పెన్‌డ్రైవులో ఉన్న గొంతు నాది. మా బాత్రూములో బకెట్టు బోర్లించి, దాని దగ్గర నోరు పెట్టి రికార్డు చేశాను. చంటి వంటశాలలో లేడు. ఉన్నాడని నేను ఊహించుకున్నాను, అంతే.

జతపరచే ముందు ఒకసారి వింటుంటే జగదాంబ గారు వాకిట్లోకి వచ్చారు. మొత్తం విన్నారు. మళ్ళీ పెట్టమన్నారు. పెట్టాను.

"బానే చేశావు బాబూ" అన్నారు.

"నేను చేసుడేంది పిన్నీ, చంటే గదా" అన్నాను.

"ఎదురుగా ఉంటేనే వాడు అమ్మా అంటాడు. ఫోనులో ఎప్పుడూ అనడు. 'హలో, జగదాంబ గారేనా అండీ, కరెంటాఫీసు నుంచి' అంటాడు. ఆ అల్లరి నీ దగ్గరే నేర్చాడు" అన్నారు. కొంగుతో నా ఫోను అద్దం తుడిచి చేతిలో పెట్టారు. "ఇన్ని నెలలు ఫోను ఇవ్వని షూటింగు ఎక్కడుంటుంది? నాకు తెలుసులే. అది పెట్టు. కాయితం కదలాలి కదా."

ఆమె పెట్టమన్నారు, పెట్టాను. కాని వంటశాలలో చల్లగా ఉన్నాడని తమరు విని నెమ్మదిస్తారేమోనని నా భయం. అందుకే చెబుతున్నాను. బంగాళదుంపలు లేవు. కందకమే. ఆ గొంతు నమ్మవద్దు. తమకు ఎక్కడి నుండైనా ఫోను వచ్చి, "కరెంటాఫీసు నుంచి" అని ఎవరైనా అంటే మాత్రం, రాంగ్ నంబరని పెట్టేయవద్దు.