స్వయంగా చదువుకుని

మార్చి 4

పేపర్లో వేశారు. "దారిద్ర్యంలో రాలిపోయిన తార." రాలిపోవడానికి మా అమ్మేమన్నా ఎండుటాకా?

మందులకు కూడా డబ్బుల్లేవట. చీకటిగదిలో ఒంటరిగా పోయిందట. చీకటిగది! మూడు కిటికీల గది అది. మధ్యాహ్నం కర్టెన్ వెయ్యకపోతే కన్ను మూతపడదు. ఒంటరి కూడా కాదు. నేను ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని గోళ్ళు తీస్తున్నాను. కుడికాలు అయింది, ఎడమకాలు ఇటివ్వు అన్నాను. ఇవ్వలేదు. అంతే. అలా పోయింది మా అమ్మ. ఈ ముక్క ఏ పేపరువాడికీ తెలీదు. తెలియనివ్వను.

ఆ కట్టుకథ చెప్పిందెవరో ఆరా తియ్యక్కర్లేదు. రెండో పేరాలోనే ఉంది, "ఆమె సోదరుడు కన్నీటితో తెలిపారు" అని.

మేనేజరు మామయ్య. అమ్మకు సొంత తమ్ముడు. ఇంటాబయటా అందరూ మేనేజరనే పిలుస్తారు. అమ్మ పద్నాలుగో ఏట గ్రూప్ డాన్సుల్లో మూడో వరుసలో నిలబడ్డ రోజు నుంచీ వాడు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. డేట్స్ వాడే ఇచ్చేవాడు, చెక్కులు వాడే పుచ్చుకునేవాడు. పెద్ద ఇల్లు కొన్నదీ వాడే, అమ్మిందీ వాడే. ఆ డబ్బుతో సొంతంగా సినిమా తీసి, పోస్టరు మీద అమ్మ పేరు కంటే తన పేరు లావుగా వేయించుకున్నాడు. సినిమా వారం తిరక్కుండా ఎత్తేశారు. పోస్టర్లు మాత్రం గోడల మీద చాలాకాలం ఉన్నాయి.

నోటితో మామయ్యా, మీరు అనే అంటాను. ఇక్కడ వాడు. నా డైరీ, నా ఇష్టం.

మార్చి 5

ఇవాళ సహాయనిధి అని అకౌంట్ నంబర్ కూడా వేశారు. ఎవరి అకౌంటో వేరే చెప్పాలా?

మార్చి 9, సాయంత్రం

సంతాపసభకు వెళ్ళాను. వెళ్ళకుండా ఉండాల్సింది.

అందగాడు వచ్చాడు. అమ్మ పక్కన ఎక్కువ సినిమాల్లో హీరో వాడే. అమ్మ వాడికి పెట్టిన పేరే అందగాడు, వెటకారంగా. స్టేజి మీద నిలబడి, ఆమె నాకు చెల్లెలు లాంటిది అన్నాడు. కెరీర్ మొత్తం ఆమె నడుం పట్టుకుని పాటలు పాడినవాడు! తర్వాత అదే అమ్మ, ముప్పై ఆరేళ్ళకి, వాడికే తల్లిగా వేసింది. వాడికి అప్పటికి యాభై దగ్గర పడుతున్నాయి. షాట్‌కి ముందు మేకప్‌మన్ అమ్మ జుట్టుకి తెల్లరంగు కొడుతుంటే, పక్క కుర్చీలో వాడి జుట్టుకి నల్లరంగు కొట్టారట. అమ్మ ఇది చెప్పి నవ్వేది. నాకెప్పుడూ నవ్వు రాలేదు.

ఆ తర్వాత అత్తగారి వేషాలు, సీరియళ్ళు. పన్నెండు గంటలు నిలబెట్టేవాళ్ళు. కాళ్ళు వాచి ఇంటికొచ్చేది.

ఒక క్లిప్పింగ్ వేశారు. డాక్టరు ఏదో చెబుతుంటాడు, అమ్మ దుప్పటి మడతపెడుతూ వింటుంటుంది. ఒక్క డైలాగు లేదు. మడత పూర్తికాక ముందే ఆమెకు సంగతి అర్థమైపోతుంది, అయినా మడత చివరిదాకా పెడుతుంది. అమ్మలా వినగలిగిన నటి లేదు అన్నాడు ఒక ముసలి డైరెక్టరు. నిజం. కానీ ఎందుకో ఆయనకు తెలీదు.

తర్వాత ఆయనే, సెట్లో ఎప్పుడూ ఆవిడ చేతిలో స్క్రిప్టు ఉండేది, పేజీ తర్వాత పేజీ తిప్పుతూ ఉండేది, ఎంత శ్రద్ధో అన్నాడు. నేను మేనేజరు వైపు చూశాను. వాడు నేల చూపులు చూశాడు.

అమ్మకు చదువు రాదు. సంతకం ఒక్కటే వచ్చు. అది కూడా ముగ్గు వేసినట్టు నేర్చుకుంది, ఏ గీత ఏ అక్షరమో తెలీదు. పేజీలు ఎప్పుడు తిప్పాలో కూడా ప్రాక్టీసే. ఈ సంగతి లోకంలో ఇద్దరికే తెలుసు. నాకూ, వాడికీ.

మార్చి 13

విల్లు ఉందట. నాకు ఇవాళే తెలిసింది. లాయరమ్మ పిలిచి చెప్పింది. అమ్మ రెండేళ్ళ కిందట టాక్సీ చేయించుకుని ఒక్కతే వెళ్ళి రాయించిందట. నాకు మాత్రం పళ్ళు నొప్పి, క్లినిక్‌కి వెళ్ళానని చెప్పి ఉంటుంది. పళ్ళ సెట్టు పెట్టుకున్న మనిషికి పళ్ళు నొప్పి. నేను నమ్మి ఉంటాను కూడా.

మేముండే ఫ్లాట్ నాకు. ఊరి చివర స్థలం "నా ప్రియ సోదరునికి".

నా చెవులు నేను నమ్మలేదు. మళ్ళీ చదవమన్నాను. మళ్ళీ అదే.

ఆ స్థలం మేనేజరు చెయ్యి పడకుండా కొన్నది ఒక్కటే. అత్తగారి వేషాల డబ్బుతో, ఆ వాచిన కాళ్ళ డబ్బుతో, నన్ను వెంటపెట్టుకెళ్ళి కొంది. అప్పుడక్కడ తుప్పలూ, రేకుల షెడ్డూ తప్ప ఏమీ లేవు. ఇప్పుడు పక్కనుంచి పెద్ద రోడ్డు పడింది. ఆ షెడ్డులో పళ్ళ సెట్లు చేసే నా సొంత ల్యాబ్ పెట్టుకోవాలని ఇద్దరం ఎన్నిసార్లు అనుకున్నాం! కిటికీ ఎటు పెట్టాలో కూడా అమ్మే చెప్పింది.

ఎందుకలా రాస్తున్నారమ్మా అని లాయరమ్మ అప్పుడే అడిగిందట. వాడి చదువు నేను తినేశానమ్మా అందట అమ్మ. దానికర్థమేమిటో మీకు తెలుసా అని నన్నడిగింది. తెలీదన్నాను.

తెలుసు. పన్నెండేళ్ళ తమ్ముణ్ణి బడి మాన్పించి స్క్రిప్టులు చదివి వినిపించడానికి వెంట తిప్పుకుంది. సరే, నువ్వు వాడి చదువు తిన్నావు. వాడు నీ ఇల్లు తిన్నాడు, సంపాదన తిన్నాడు, వయసు తిన్నాడు. ఇంకా ఆకలి తీరలేదనా, నా వాటా కూడా వడ్డించి వెళ్ళావు?

చివరి వాక్యం లాయరమ్మ గట్టిగా చదివింది. "పై విషయములన్నియు స్వయంగా చదువుకుని, అర్థము చేసుకుని సంతకము చేయడమైనది." నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. ఆవిడ దుఃఖం అనుకుని మంచినీళ్ళిచ్చింది. అమ్మ చదివిందా అనడిగితే, ఆ రోజు కళ్ళజోడు మర్చిపోయారు, నేనే రెండుసార్లు చదివి వినిపించాను అంది.

అమ్మకు అసలు కళ్ళజోడే లేదు.

మార్చి 14

అమ్మా, నీకు సిగ్గు లేదు.

మార్చి 18

ల్యాబ్‌లో ఒక ముసలాయన పళ్ళ సెట్టు పగలగొట్టాను. కావాలని కాదు. పాలిష్ పడుతుంటే చేతిలోంచి జారి గోడకు కొట్టుకుంది. మళ్ళీ మైనం కరిగించి, పన్ను తర్వాత పన్ను పేర్చి, అచ్చు పోశాను. కొరుకు సరిగ్గా కుదరలేదు. ఓనరు చూసి, నువ్వు ఇంటికెళ్ళి పడుకో తల్లీ, ఆయన పైపళ్ళు కింద పళ్ళతో దెబ్బలాడుకునేలా ఉన్నాయి అన్నాడు. అందరూ నవ్వారు. నేను ఏప్రన్ విసిరికొట్టి వచ్చేశాను.

ఇరవై ఏళ్ళుగా పరాయి బల్ల మీద పనిచేస్తున్నాను. నాన్న సంగతి ఈ డైరీకి అనవసరం. నాకున్నది అమ్మ. అమ్మకున్నది, తీరా చూస్తే, తమ్ముడు.

మార్చి 20

ఇంకో లాయరు దగ్గరికి వెళ్ళాను. ఈయన సన్నగా, ఈనెపుల్లలా ఉన్నాడు. విల్లు కాపీ చదివాడు. గట్టిగా ఉంది, కదపడం కష్టం అన్నాడు. లేవబోయాను. అప్పుడు నా నోరు ఊరుకోలేదు. మా అమ్మకు చదువు రాదండీ అన్నాను.

ఆయన పెన్ను కింద పెట్టాడు. తర్వాత, విస్తరి ముందు కూర్చున్నవాడిలా చేతులు రుద్దుకున్నాడు. స్వయంగా చదువుకుని అని రాసి సంతకం పెట్టారు, చదువే రాదంటే ఆ ఒక్క వాక్యంతో విల్లంతా లేచిపోతుంది అన్నాడు. విల్లు లేకపోతే వారసురాలివి నువ్వొక్కదానివే. నువ్వు కోర్టులో నిలబడి ఆ మాట చెబితే చాలు.

ఇంకో మాట కూడా అన్నాడు. అందాకా ప్రెస్‌తో నోరు విప్పకు, మీ అమ్మ గురించి నీ నోటితో నువ్వే వేరేగా చెప్పినట్టు ఎక్కడైనా అచ్చయిందా, కేసు గంగలో కలిసినట్టే.

మార్చి 21

చెబుతాను. ఎందుకు చెప్పకూడదు?

నా ప్రోగ్రెస్ కార్డు చేతిలో పట్టుకుని, ఇంకా బాగా చదవాలి అనేది. ఫస్టు వచ్చినప్పుడు కూడా. కార్డు తలకిందులుగా ఉందని ఒకసారి చెప్పాను. ఆ రోజే నాకు తెలిసింది. ఆ రోజు అమ్మ మొహం ఎలా అయిందో ఏ సినిమాలోనూ లేదు. తర్వాత నేను పెద్దదాన్నయ్యాక, అక్షరాలు నేర్పిస్తానమ్మా అన్నాను. వారమంతా నాతో మాట్లాడలేదు. బ్యాంకులో చేతికి కట్టు కట్టుకుని వెళ్ళేది, ఎవరైనా ఫారం నింపుతారని. ఇంటర్వ్యూలకి ఇంగ్లీషు మ్యాగజైన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. బట్టలు లేకుండా వీధిలో నిలబెట్టినా ఓర్చుకునేదేమో, ఈ సంగతి బయటపడితే మాత్రం...

అయితే ఏం? బతికున్నప్పుడు కాపాడాను. నాకేం మిగిల్చింది?

మార్చి 25, మధ్యాహ్నం

మేనేజరు వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా. సోఫాలో కూర్చుని, జరిగిందేదో జరిగింది, స్థలం అమ్మితే నీకూ ఎంతో కొంత ఇస్తాలేవే అన్నాడు. నా కంచంలోది తీసి నాకే ముద్ద పెడతానంటున్నాడు.

ఒళ్ళు మండింది. ఇల్లు, సినిమా, సహాయనిధి, ఏదీ వదల్లేదు. పక్క ఫ్లాట్ వాళ్ళు తలుపు తీసి చూసేదాకా అరిచాను. వాడు చొక్కా మడత సరిచేసుకుంటూ కూర్చున్నాడు. అలవాటే కాబోలు. చివరికి, కోర్టులో అమ్మకు చదువు రాదని చెప్పబోతున్నాను, కాగితాలు తయారయ్యాయి, సోమవారం సంతకం అన్నాను.

మనిషి పాలిపోయాడు. లేచి ముందు తలుపు మూసి వచ్చాడు. గొంతు తగ్గించి, అదొక్కటీ వద్దే అన్నాడు. నేను దోచుకున్నానని రాయి, సంతకం పెడతా. దొంగ విల్లు రాయించానని రాయి, జైలుకు పోతా. అక్కకి చదువు రాదని మాత్రం అనొద్దు.

ఇంక వాడు ఆగలేదు. మేకప్‌రూమ్‌లో గడియ పెట్టుకుని చదివేవాణ్ణే, పన్నెండేళ్ళవాణ్ణి, హీరో నేనే, విలన్ నేనే, అక్కకి తల్లిని నేనే. భావం లేకుండా చదివితే దిండు పెట్టి కొట్టేది. ఒకసారి ఎవరో తలుపు కొడితే, పుస్తకం తన చేతిలోకి లాక్కుని, నా తమ్ముడికి పాఠం చెబుతున్నాను అంది. ఆ రోజు నుంచి లోకం దృష్టిలో మొద్దుని నేనే. పోనీ, మొద్దునే అనుకున్నా. ఇదంతా చెప్పి ముక్కు చీదుకున్నాడు. నా కాళ్ళు పట్టుకోబోయాడు. వెనక్కి జరిగాను.

నెల తిరిగేలోగా స్థలం నీ పేర రాసేస్తాను అని నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసి వెళ్ళాడు.

దొంగకి కూడా దాటని గీత ఒకటుంది. నాకు లేకపోయిందే! దీనికి వాడి మీద ఇంకా కోపంగా ఉంది.

మార్చి 27

ఈనెపుల్ల లాయరుకి ఫోన్ చేసి సంతకం పెట్టనని చెప్పాను. ఫీజు మాత్రం వదల్లేదు.

ఏప్రిల్ 11

అత్తయ్య ఫోన్ చేసింది, మేనేజరు భార్య. గుసగుసగా మాట్లాడింది. స్థలానికి అడ్వాన్సు తీసుకున్నారే, వచ్చే నెల రిజిస్ట్రేషను, కొత్త కారు కూడా చూస్తున్నారు, నేను చెప్పానని అనకు అంది.

ఒట్టేసిన తల నాది. ఇంకా మెడ మీదే ఉంది.

మా ఇంట్లో నటి అమ్మ ఒక్కతే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

ఏప్రిల్ 12

కానీ ఆ పాలిపోవడం? రక్తం ఎవడి మాట విని మొహంలోంచి దిగిపోతుంది? అది నటన కాదు. ఒట్టు అబద్ధం, ఏడుపు నిజం. రెండూ ఒకే మనిషిలో ఎలా పడతాయి? పడతాయి. నలభై ఏళ్ళు అమ్మ ఆ మనిషితోనే వేగింది.

ఇంత అర్థమైనా కోపం తగ్గలేదు. లాయరుకి మళ్ళీ ఫోన్ చేశాను. రిజిస్ట్రేషను ఆపించొచ్చు, టైముంది అన్నాడు. శుక్రవారం రమ్మన్నాడు. ఈసారి మనసు మార్చుకుంటే ఇంకెవరినైనా చూసుకోమన్నాడు. మార్చుకోనన్నాను.

ఏప్రిల్ 17

రేపు సంతకం.

ఏప్రిల్ 18, ఉదయం

బయల్దేరుతుంటే బెల్లు మోగింది. వీక్లీ నుంచి ఒక అమ్మాయి. అమ్మ మీద ప్రత్యేక సంచిక వేస్తున్నారట. టైము లేదన్నాను. అయిదే అయిదు నిమిషాలండీ అంది. ఆ దారిద్ర్యం కథ నేను నమ్మలేదండీ అని కూడా అంది. లోపలికి రానిచ్చాను.

గదిలో మూడు కిటికీలూ చూసింది. వెలుతురు బాగుందండీ అంది. తర్వాత అడిగింది: అమ్మగారు ఏం చదివేవారు? షాట్ గ్యాప్‌లో ఎప్పుడూ పుస్తకం చేతిలో ఉండేదని అందరూ అంటున్నారు, ఆవిడకు ఇష్టమైన పుస్తకాలేమిటి?

బ్యాగు నా భుజానే ఉంది. ఏమీ చెప్పలేనని ఒక్క మాట అంటే చాలు, లేచి వెళ్ళిపోయేది. అందులో అబద్ధం కూడా లేదు. ఆ అమ్మాయి పెన్ను పట్టుకుని నా మొహంలోకి చూస్తోంది. నేను మాట్లాడకపోతే ఆ చూపులోకి ఏదో అనుమానం వస్తోంది. వచ్చింది. చూశాను.

నవలలు అన్నాను. లావుపాటివి. మందు వేసుకోవడం మర్చిపోయేది గానీ పేజీకి గుర్తు పెట్టడం మర్చిపోయేది కాదు అన్నాను. భోజనం దగ్గర కూడా చదివేది, పులుసు మరకలు పడేవి అన్నాను. మంచి వాక్యం కనిపిస్తే నన్ను పిలిచి వినిపించేది అన్నాను. ఆపలేకపోయాను. ఆ అమ్మాయి రాసుకుంటూనే ఉంది. అన్నీ వేస్తారా అనడిగాను. మీ పేరుతోనే వేస్తామండీ అంది. వెయ్యండి అన్నాను.

ఆమె వెళ్ళాక బ్యాగు తీసి గోడకేసి కొట్టాను.

లాయరు ఆరుసార్లు ఫోన్ చేశాడు.

మే 4

వీక్లీ వచ్చింది. నాలుగు పేజీలు. అమ్మ గదిలో కూర్చుని పైకి చదివాను, మొత్తం.