అఖండ దీపంలా లాప్‌టాప్

గురువారం రాత్రి. దుప్పట్లు ఉతికి ఆరేశాను. కందిపప్పు ఎండబెట్టి డబ్బాలో పోశాను. గోంగూర పచ్చడి నూరాను. ప్రోగ్రాం నడిచింది.

ఇవాళ క్యాంపస్‌లో మేడమ్ ముందు అది నడవకపోతే కోర్సులోంచి నా పేరు తీసేసేవారు. ఫైళ్లు ఏ ఫోల్డర్‌లో ఉన్నాయో కంప్యూటర్ సెట్టింగుల్లో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా రాశాను. అక్షరం అక్షరం సరిచూశాను. అయినా ప్రోగ్రాం రాసే ఎడిటర్ మాత్రం అలాంటిదేమీ లేదనే చెప్పింది.

క్లాసుకు ముందు పక్క సీటు నస్రీన్‌కు చూపించాను.

"ఆంటీ, ఇది రాసినంక ఎడిటర్ మూసి తెరిచిన్రా?"

"మూస్తే చేసిందంతా పోతుందేమోనని సోమవారం నుంచి మూయనే లేదమ్మా."

రాత్రిళ్లూ లాప్‌టాప్ వెలుగుతుంటే మా ఆయన "అఖండ దీపం పెట్టావా?" అని ఎగతాళి చేశారు కూడా.

నస్రీన్ నవ్వింది. "అది సెట్టింగులు తెరిచేటప్పుడు ఒక్కసారే చూసుకుంటది ఆంటీ, మళ్లీ చూడదు. సేవ్ చేసి బంద్ చేయుండ్రి, ఏం పోదు."

ఆయన సంచి పట్టుకుని బజారుకు వెళ్లిపోయాక నేను ఇంట్లో చీటీ మీద బెండకాయలు రాసినట్టే అయిందన్నమాట. గుండె చిక్కబట్టుకుని మూశాను. మళ్లీ తెరిచాను. నడిచింది. మేడమ్ చూసి, తలూపి, పక్క బల్ల దగ్గరకు వెళ్లారు.

వచ్చే వారం డేటాబేస్ అట. అక్కడ ఇంకేం చూసి భయపడతానో...

సాయంత్రం వారాసిగూడలో నస్రీన్ వాళ్లింటికి వెళ్లి, పచ్చడి సీసా వాళ్లమ్మ చేతికిచ్చి వచ్చాను. ఆ బాకీ చెల్లు. లాప్‌టాప్ కూడా ఆర్పేశాను.